ఏళ్లుగా పడున్న కాంటెస్సాకి వెంటనే సెల్ఫ్ కొట్టొద్దు

హిందుస్థాన్ మోటార్స్ వాళ్ల కాంటెస్సా కారు తయారీ 2002లోనే ఆగిపోయింది కాబట్టి అనంతపురం చుట్టుపక్కల ఇప్పుడు ఏ షెడ్డులోనైనా పెట్రోల్ బండి దొరికిందంటే అది ఏళ్లుగా కదలనిదే అయ్యుంటుంది. కొత్త బ్యాటరీ తగిలించి సెల్ఫ్ కొట్టాలని చేతులు దురద పెడతాయి, ఆగండి. పిస్టన్ రింగులు సిలిండర్ గోడలకు పట్టేసి ఉంటే బలవంతంగా తిప్పినప్పుడు విరిగిపోతాయి. ముందు నాలుగు స్పార్క్ ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. పొద్దున గేరు న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ పుల్లీ (ఇంజన్ ముందువైపు బెల్టు తిప్పే చక్రం) బోల్టుకు స్పానర్ వేసి చేత్తో మెల్లగా తిప్పండి. కదల్లేదా, ఇంకో రెండు రోజులు నాననివ్వండి, స్పానర్‌కి పైపు తొడిగి బలం చూపించొద్దు. తిరిగితే కాయిల్ వైరు (ప్లగ్గులకు స్పార్క్ కరెంటు తెచ్చేది) పీకేసి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్‌తో ఓసారి తిప్పితే మిగిలిన ఆయిల్ బయటికి చిమ్ముతుంది (మొహం దూరంగా పెట్టుకోండి, షర్టు పాతది వేసుకోండి).

ట్యాంకులో పాత పెట్రోలు మొత్తం తీసేయాల్సిందే. మన సీమ ఎండలకి బాడీ తుప్పు తక్కువే గానీ రబ్బరు పెళుసైపోతుంది, పెట్రోల్ పైపులు, బ్రేక్ హోసులు చూడ్డానికి బాగున్నా మార్చేయండి. పెయింటు ఆఖర్న. అన్నట్టు, 15 ఏళ్లు దాటిన బండి కదా, ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో కొనకముందే చూసుకోండి.