తిరుపతికి ట్రైన్‌లో వస్తున్నారా? టికెట్ తీసేముందు ఇది చూస్కోండి

చాలామంది తిరుపతికి టికెట్ దొరకలేదని అక్కడికే వదిలేస్తారు, అట్లా చెయ్యొద్దండి, పక్కనే ఉండే రేణిగుంటకి కూడా వెతకండి. తిరుపతి స్టేషన్ కోడ్ టీపీటీవై, రేణిగుంటది ఆర్‌యూ.

అసలు సంగతేందంటే తిరుపతి మెయిన్ లైన్ మీద లేదు. మద్రాసు నుంచి రాయచూరుకి బ్రాడ్ గేజ్ (వెడల్పు పట్టాల) లైన్ 1871కే పూర్తయింది, అది రేణిగుంట మీదుగా కడప వైపు పోయింది. తిరుపతి స్టేషన్ వచ్చింది 1891లో, అదీ సౌత్ ఇండియన్ రైల్వే వాళ్ళ మీటర్ గేజ్ (ఇరుకు పట్టాల) లైన్ మీద, కాట్పాడి, చిత్తూరు, పాకాల మీదుగా వచ్చి గూడూరు పోయే లైన్ అది. ఇప్పుడంతా బ్రాడ్ గేజే గానీ దారులు అవే, అందుకే ముంబై చెన్నై బండ్లు ఇప్పటికీ తిరుపతికి రాకుండా రేణిగుంట మీదుగానే పోతాయి. ఆడ దిగితే తిరుపతి 10 కిలోమీటర్లే, బస్సులు ఉంటాయి, ఆటో అయితే ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి.

హైదరాబాద్ వైపు నుంచి నారాయణాద్రి, పద్మావతి, 2023లో మొదలైన వందేభారత్ నేరుగా తిరుపతికే వస్తాయి. చిత్తూరు పోవాల్సినోళ్ళు వెంకటాద్రి చూడండి, మధ్యలో మారే పని లేదు.

స్టేషన్‌లో దిగినాక సామాను క్లోక్ రూమ్‌లో పెట్టాలంటే ప్రతి బ్యాగుకీ తాళం ఉండాల, ఉత్త జిప్పు ఉంటే తీసుకోరు, పెద్దోళ్ళతో వచ్చి ఆ లైన్లో నిలబడినాక తాళం కోసం బయటికి పరిగెత్తడం చాలా కష్టం, ఇంట్లోనే రెండు చిన్న తాళాలు బ్యాగులో వేసుకోండి. కాసేపు పడుకోవాలంటే రిటైరింగ్ రూములు పీఎన్‌ఆర్ నంబర్‌తో ఐఆర్‌సీటీసీలో ముందే బుక్ చేసుకోవచ్చు. బయటికొస్తే ఎదురుగానే టీటీడీ విష్ణు నివాసం, సర్వదర్శనం టోకెన్లు ఇచ్చే చోట్లలో అదొకటి, ఆధార్ చేతిలో పెట్టుకోండి. కొండకి ఆర్టీసీ బస్సులు కూడా స్టేషన్ దగ్గరే ఎక్కొచ్చు. టైమ్ ఉంటే గోవిందరాజస్వామి గుడికి నడిచే పోవచ్చు, తప్పకుండా చూడండి.

తిరిగి పోయేటప్పుడు టికెట్ మీద ఎక్కే స్టేషన్ పేరు చదవండి. రేణిగుంట అని ఉంటే తిరుపతిలో గంటన్నర ముందే బయల్దేరండి, కొండ మీంచి నేరుగా దిగేవాళ్ళయితే ఇంకా చాలా ముందే.