తిరుపతి నుంచి మొసళ్ల పార్కుకు పిల్లలతో వెళ్లి రావడం ఎలా?

మొసళ్ల పార్కుకు వెళ్లిన చాలామంది గట్టు మీద నుంచి తొంగిచూస్తారు, "కదలడం లేదే, బొమ్మలా ఉందే" అనుకుంటారు, ఒక సెల్ఫీ దిగి గంటలో బయటపడతారు. అంత దూరం వెళ్లి అలా వచ్చేస్తే నాకు బాధగా ఉంటుంది. చూడటం తెలిస్తే పూట మొత్తం అక్కడే గడిచిపోతుంది.

నేను చెప్పేది మహాబలిపురం దగ్గర, సముద్రం ఒడ్డున ఉన్న మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ గురించి. తోలు కోసం వేటాడి మన దేశంలో మొసళ్లను దాదాపు లేకుండా చేసిన రోజుల్లో, 1976లో, రోములస్ విటేకర్, జై విటేకర్ దంపతులు మిత్రులతో కలిసి దీన్ని మొదలుపెట్టారు. కాపురమూ అక్కడే, పిల్లల్ని పెంచిందీ అక్కడే. ఇప్పుడు ట్రస్టు నడుపుతోంది.

ముందు రోజు

సోమవారం సెలవు, ఆ రోజు పెట్టుకోవద్దు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. చలి ఉదయాల్లో మొసళ్లు ఎండ కాచుకోవడానికి గట్టెక్కుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఇసుక కాలిపోతుంటే పిల్లలు పది నిమిషాలు కూడా నిలబడలేరు. పులిహోర, పెరుగన్నం కట్టుకోండి, నీళ్లు ఎక్కువ పెట్టుకోండి.

దారి

కారైతే తెల్లవారుజామున నాలుగున్నరకల్లా బయల్దేరండి. పుత్తూరు, నగరి, తిరుత్తణి, కంచి, చెంగల్పట్టు మీదుగా సుమారు 190 కిలోమీటర్లు. కంచి దారిలోనే తగులుతుంది కానీ ఆగొద్దు. దర్శనం సాయంత్రం పెట్టుకుని ముందు మొసళ్ల దగ్గరికే వెళ్లాలని నా సలహా. బస్సైతే చెన్నైలో దిగి, ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీదుగా మహాబలిపురం వెళ్లే బస్సెక్కి, కండక్టర్‌తో "ముదలై పణ్ణై" అని చెప్పండి. మొసళ్ల ఫారం అని అర్థం.

లోపల

అన్నీ చూసేయాలనే టెన్షన్ వద్దు. ఒక మగ్గర్ మొసలి ఆవరణ ఎంచుకుని, పిల్లలతో ఇరవై నిమిషాలు కదలకుండా నిలబడండి. మగ్గర్ అంటే మన చెరువుల్లో, నదుల్లో ఉండే మంచినీటి మొసలి. మొదటి ఐదు నిమిషాలు విసుగ్గానే ఉంటుంది. తర్వాత కన్ను చూడండి. ఒక పలచటి పొర పక్క నుంచి జారి కంటిని కప్పి, మళ్లీ వెనక్కి పోతుంది. ఆ ఒక్క కదలిక చూశాక పిల్లలు ఇక బొమ్మ అనరు. నోరు తెరుచుకుని పడుకున్నది కోపంగా ఉందనుకోవద్దు. ఒంట్లో వేడి ఎక్కువైతే అలా నోటి నుంచి వదిలేస్తుంది. ఇసుకలో గుంత తవ్వి గుడ్లు పెడుతుంది. లోపలి పిల్ల ఆడదవుతుందా, మగదవుతుందా అనేది ఆ ఇసుక వేడిని బట్టే తేలుతుంది.

కొంగలు గూళ్లు కట్టే కాలంలో వెళ్తే మొసలి మూతి మీద పుల్లలు ఉన్నాయేమో వెతకమనండి. గూటికి పుల్ల ఏరుకోవడానికి వచ్చే కొంగను పట్టుకోవడానికే మగ్గర్లు ఇలా చేస్తున్నాయని ఒక పరిశోధకుడు ఇదే పార్కులో గమనించి 2013లో ప్రచురించాడు. ఆ తర్వాత ఘరియాల్ అనే మరో రకం మొసలి దగ్గరికి వెళ్లండి. సన్నటి పొడుగు మూతితో చేపలు పడుతుంది. పెరిగిన మగదానికి మూతి చివర చిన్న కుండ బోర్లించినట్టు బుడిపె ఉంటుంది.

మేం వెళ్లిన రోజు ఒకాయన "బతికే ఉందా?" అంటూ గులకరాయి విసిరాడు. అది మొసలి కంటికి జానెడు దూరంలో పడింది. పక్కనే ఉన్న మా అక్క కొడుకు కూడా వెంటనే వంగి రాయి తీసుకున్నాడు. పెద్దవాళ్లు చేసిందే పిల్లలు చేస్తారు. కాబట్టి గేటు దాటకముందే చెప్పండి: రాయి, కాగితం, చిప్స్ కవరు ఏదీ లోపల పడకూడదు. మింగితే ప్రాణానికే ముప్పు. పిల్లల్ని గోడ మీద కూర్చోబెట్టడం అసలు వద్దు.

పాముల దగ్గర

అదే ఆవరణలో పాములు పట్టే ఇరుళర్లు అనే గిరిజనుల సహకార సంఘం ఉంది, 1978లో ఏర్పడింది. మన వైపు యానాదుల్లాగే వీళ్లకూ పాముల జాడ పసిగట్టడం తాతల నాటి విద్య. విషం తీసే ప్రదర్శన ఆ రోజు ఉందో లేదో ముందే అడగండి. పాముల్ని మూతికి గుడ్డ కట్టిన మట్టికుండల్లో ఉంచుతారు, కొన్ని విడతలు విషం తీశాక మళ్లీ అడవిలో వదిలేస్తారు. పాము కాటుకు ఆసుపత్రిలో ఇచ్చే మందు ఆ విషం నుంచే తయారవుతుంది. చేనులో తిరిగే కుటుంబమైతే పిల్లలకు అక్కడే చెప్పండి: కాటు పడితే కట్టు బిగించకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తిరుగు దారిలో

సాయంత్రం కంచి వరదరాజస్వామి గుడిలో అందరూ బంగారు బల్లిని తాకుతారు, మీరూ తాకండి. అప్పుడు పిల్లలకు ఒక సంగతి చెప్పండి: మన శేషాచలం కొండల్లో ప్రాణమున్న బంగారు బల్లి ఉంది. రాతి పగుళ్లలో, తేమ ఉన్న చోట ఉంటుంది, రాత్రిపూట గట్టిగా అరుస్తుంది. దాన్ని పట్టుకోవడం నేరం. ఈసారి కొండకు వెళ్లినప్పుడు చీకటి పడ్డాక కాసేపు మాటలాపి, ఆ అరుపు కోసం చెవి ఒగ్గండి.