పోస్ట్‌లోకి బంతి వెళ్లట్లేదా? ముందు రెండు డ్రిబుల్స్ కిందికి దిగండి

బాస్కెట్‌బాల్‌లో రింగ్ దగ్గర, అంటే పోస్ట్‌లో, మన పొడుగు ప్లేయర్ చెయ్యి చాచి బంతి అడుగుతూనే ఉంటాడు, వింగ్ (కోర్టు పక్క భాగం) నుంచి మనం వేసిన పాస్ మాత్రం డిఫెండర్ వేళ్లకు తగిలి పోతుంది. అమెరికా కాలేజీ ఆటలో షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఇచ్చే గడువు) 30 సెకన్లే, రెండుసార్లు తటపటాయిస్తే టెన్షన్ మొదలు.

ఫ్రీ త్రో గీత కంటే పై నుంచి, అంటే రింగ్‌కి ఇంకా దూరం నుంచి, పాస్ వేయకండి. ఒకటి రెండు డ్రిబుల్స్‌తో బేస్‌లైన్ (రింగ్ వెనక ఉండే చివరి గీత) వైపు, ఆ గీత ఎత్తు కంటే ఓ అడుగు కిందికి దిగండి. కోణం అక్కడే దొరుకుతుంది. బంతిని తల మీదికి ఎత్తి వేయబోతున్నట్టు చూపించండి. ఎదుట ఉన్న డిఫెండర్ చేతులు పైకి లేస్తాయి. వెంటనే కాలు పక్కకు వేసి, అతని నడుము పక్క నుంచి బౌన్స్ పాస్. దూరంలో మూడింట రెండు వంతుల దగ్గర బంతి నేలకు తగలాలి. గురి పోస్ట్ ప్లేయర్ ఛాతీకి కాదు, అతను చాచిన చేతికి, అంటే డిఫెండర్‌కి అవతల ఉన్న చేతికి. వేశాక అక్కడే నిలబడొద్దు. నిలబడితే మీ డిఫెండర్ వెళ్లి పోస్ట్ ప్లేయర్‌ని డబుల్ టీమ్ చేస్తాడు, అంటే ఇద్దరు కలిసి అతన్ని అడ్డుకుంటారు.

డిఫెండర్ పోస్ట్ ప్లేయర్‌కి ముందుకొచ్చి నిలబడితే మాత్రం ఈ పాస్ అస్సలు వెళ్లదు. అప్పుడు బంతిని టాప్‌కి (రింగ్‌కి ఎదురుగా, దూరంగా ఉండే మధ్య చోటు) తిప్పి, అక్కడి నుంచి లోపలికి వేయించండి.