ఆర్ఎక్స్ 100 కిక్కుకు లేవడం లేదా? ముందు ప్లగ్గు విప్పండి

కండిషన్‌లో ఉన్న యమహా ఆర్ఎక్స్ 100 పొద్దున్నే రెండో మూడో కిక్కుకు లేవాలి. వేడి మీద ఒక్క కిక్కు చాలు. "పాత బండి కదా, పది కిక్కులు మామూలే" అనే మాట నమ్మకండి. 1985 నుంచి 1996 దాకా తయారైన ఈ 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్ హెడ్‌లో వాల్వులు లేవు, టైమింగ్ చైను లేదు. స్టార్ట్ కాకపోవడానికి కారణాలూ కొన్నే ఉంటాయి. అయినా చాలామంది మొదట సీడీఐ (ప్లగ్గుకు మంట పంపే ఎలక్ట్రానిక్ పెట్టె) మారుస్తారు, తర్వాత కాయిల్, ఆ తర్వాత కార్బ్యురేటర్ మొత్తం. డబ్బు పోతుంది, జబ్బు మిగులుతుంది. ఏ పార్టు కొనేముందైనా ప్లగ్గు విప్పి తడిగా ఉందా పొడిగా ఉందా చూడాలి. సగం రోగం అక్కడే తెలిసిపోతుంది. ఆర్ఎక్స్ 135కైనా, షోగన్‌కైనా, మట్టి ట్రాకులో తిప్పే టూ స్ట్రోక్ డర్ట్ బైక్‌కైనా పద్ధతి ఇదే.

కిక్కు కొట్టే తీరు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు చోక్ వేసి, యాక్సిలరేటర్ తిప్పుతూ కిక్కు కొట్టడం. ఈ మికూని కార్బ్యురేటర్‌లో చోక్ అంటే గాలిని మూసే రేకు కాదు. అదనపు పెట్రోలు లాగే విడి దారి. యాక్సిలరేటర్‌తో పైకీ కిందికీ కదిలే స్లైడ్ పూర్తిగా కిందికి దిగి ఉన్నప్పుడే ఇంజన్ పీల్పు ఆ దారి మీద గట్టిగా పనిచేస్తుంది. యాక్సిలరేటర్ కొంచెం తిప్పినా పీల్పు పడిపోతుంది, చోక్ వేసీ వేయనట్టే. కాబట్టి చోక్ ఉన్నంతసేపు యాక్సిలరేటర్ మీద చెయ్యి వద్దు.

రాత్రంతా నిలిపిన బండికి పెట్రోల్ ట్యాప్ తిప్పి అర నిమిషం ఆగండి, కార్బ్యురేటర్ కింద పెట్రోలు నిలిచే బౌల్ నిండాలి. చోక్ పూర్తిగా వేయండి. కీ ఆఫ్‌లోనే ఉంచి రెండుసార్లు మెల్లగా కిక్కు నొక్కండి. టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి మిశ్రమం ముందు సిలిండర్ కిందుండే క్రాంక్‌కేస్‌లోకి వెళ్లి, అక్కడినుంచి సిలిండర్‌లోకి ఎక్కుతుంది. మొదటి కిక్కు పెట్రోలు వెంటనే ప్లగ్గు దాకా రాదు. ఇప్పుడు కీ ఆన్ చేసి, కిక్ రాడ్ బిగుసుకునే దాకా నొక్కి, పైకి వదిలి, అక్కడినుంచి చివరిదాకా ఒకే ఊపున తొక్కండి. పొడిచినట్టు సగం సగం కొట్టే కిక్కులు పనికిరావు. లేచాక నిమిషంలోపు చోక్ తీసేయండి. చలికాలం లంబసింగిలోనో ఆదిలాబాద్‌లోనో అయితే ఇంకాస్త ఆగొచ్చు. వేడి ఇంజన్‌కు చోక్ అసలు వేయకూడదు.

ఇలా ఆరు కిక్కులకీ లేవలేదంటే ఇక తొక్కడం ఆపి ప్లగ్గు పానా తీయండి.

ప్లగ్గు తడిగా ఉంటే

పెట్రోలు అందుతోంది, మండడం లేదు. ముందు ఇంజన్‌లో చేరిన పెట్రోలు పోగొట్టాలి. ట్యాప్ మూసి, చోక్ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని, ప్లగ్గు లేకుండా పదిసార్లు కిక్కు కొట్టండి. ప్లగ్గును క్యాప్‌కు తగిలించి, దాని ఇనుప భాగం ఇంజన్‌కు ఆనేలా, కానీ ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టాలి. రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది, నిప్పురవ్వ దగ్గర్లో ఉంటే అంటుకుంటుంది. క్యాప్‌ను ఊరికే వేలాడదీసి కొట్టినా మంచిది కాదు, సీడీఐ మీద, కాయిల్ మీద ఒత్తిడి పడుతుంది. మట్టి ట్రాకులో పడిపోయిన బండి మళ్లీ లేవకపోవడానికి కారణం చాలావరకు ఇదే. పక్కకి ఒరిగినప్పుడు బౌల్‌లోని పెట్రోలు లోపలికి పోతుంది.

రోజూ ఇలాగే తడుస్తుంటే చూడాల్సినవి రెండు. ఒకటి ఫ్లోట్ నీడిల్, అంటే బౌల్ నిండగానే పెట్రోలును ఆపే సూది. దాని మొన మీద ఉంగరంలా గీత పడితే మూత సరిగా పడదు. ట్యాప్ ఆన్‌లో ఉంచి నిలిపితే రాత్రంతా పెట్రోలు కారి క్రాంక్‌కేస్ నిండుతుంది. పొద్దున కిక్ రాడ్ రాయిలా ఉంటే బలం ఉపయోగించకండి, ముందు ప్లగ్గు విప్పండి. రెండోది చోక్ ప్లంజర్ కింద ఉండే చిన్న రబ్బరు. అది గట్టిపడి పగిలితే చోక్ తీసినా తీయనట్టే, లోపల పెట్రోలు కారుతూనే ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు చక్కగా లేచి, వేడి మీద మాత్రం మొండికేసే బండ్లలో ముందు దీన్ని అనుమానించాలి.

తడి పెట్రోలు కాక నల్లటి జిడ్డయితే ఆయిల్ ఎక్కువవుతోంది. ఆయిల్ పంపు పీకేసి ట్యాంకులో కలుపుకునేవారు చెయ్యి వాటంగా పోస్తుంటారు. కొలత గ్లాసు వాడండి. మంచి 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ ఆయిల్) అయితే లీటరు పెట్రోలుకు 25 మి.లీ. పోస్తే 40:1, 33 మి.లీ. పోస్తే 30:1. లీటరుకు 50 మి.లీ. పోస్తే 20:1 అవుతుంది. ఊళ్లో నెమ్మదిగా తిరిగే బండికి అది ప్లగ్గును చంపడమే. పంపు ఉన్న బండికి ట్యాంకులో మళ్లీ కలపనక్కర్లేదు. ఆయిల్ కొలత సరిగానే ఉన్నా తెల్లటి పొగ దట్టంగా వస్తూ గేర్‌బాక్స్ ఆయిల్ తగ్గిపోతుంటే, క్లచ్ వైపు క్రాంక్ సీల్ (క్రాంక్ చివర లీకు ఆపే రబ్బరు రింగు) పోయింది.

ప్లగ్గు పొడిగా ఉంటే

పెట్రోలు చేరడం లేదు. పైపు లాగి సీసాలో పట్టండి. ధార ఆగకుండా రావాలి. సన్నగా వస్తే ట్యాంకు మూత తీసి చూడండి. అప్పుడు ధార పెరిగితే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయింది. పెరగకపోతే ట్యాప్ లోపలి జల్లెడ తుప్పుతో నిండి ఉంటుంది. పైపు మధ్యలో పెద్ద ఫిల్టర్ పెట్టినవాళ్లు దాన్ని ఒకసారి తీసి చూడాలి. పెట్రోలు తన బరువుతో దిగాల్సిన బండి ఇది, కొన్ని ఫిల్టర్లు ఆ కాస్త ధారనీ ఆపేస్తాయి.

తర్వాత బౌల్ పెట్రోలును గాజు గ్లాసులోకి వంపండి. అడుగున గుండ్రటి బొట్లు కనిపిస్తే నీళ్లు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఈ20 పెట్రోలులో ఉన్న 20 శాతం ఇథనాల్ తేమను పీలుస్తుంది. నెలల తరబడి నిలిపిన బండిలో ఆ నీరు విడిపోయి అడుగుకు చేరుతుంది. పాత రబ్బరు పైపులు, సీళ్లు కూడా దానికి ఉబ్బుతాయి. వాసన మారిన పెట్రోలును కొత్తదానిలో కలిపి వాడదామనుకోకండి, పారబోయండి.

అసలు దోషి మాత్రం ఎక్కువసార్లు పైలట్ జెట్టే. స్టార్టింగు, ఐడిలింగు దాని మీద నడుస్తాయి. రంధ్రం వెంట్రుకంత సన్నం. పెట్రోలు ఆవిరై మిగిలిన బంక అక్కడే పేరుకుంటుంది. జెట్ విప్పి వెలుతురుకు పట్టి చూడండి, అవతల గుండ్రంగా వెలుగు కనపడాలి. కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి. తప్పదంటే మెత్తటి రాగి వైరు పోగు ఒక్కటి దూర్చండి. ఇనుప తీగ, సూది దూరిస్తే రంధ్రం సైజు మారి జెట్ పనికిరాదు. చోక్ పెట్రోలు లాక్కునే సన్న దారి కూడా ఇలాగే మూసుకుంటుంది. జెట్లన్నీ శుభ్రం చేసి దీన్ని మర్చిపోతే చల్లటి స్టార్టింగ్ ఎప్పటిలాగే ఉంటుంది. బిగించాక ఎయిర్ స్క్రూను మెల్లగా పూర్తిగా లోపలికి తిప్పి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తీయండి. ఇంజన్ వేడెక్కాక పావు చుట్టు అటూ ఇటూ తిప్పి, ఐడిల్ ఎక్కడ నిలకడగా, చురుగ్గా ఉందో అక్కడ వదిలేయండి. ఇది గాలి స్క్రూ. లోపలికి తిప్పితే పెట్రోలు పాలు పెరుగుతుంది, బయటికి తిప్పితే తగ్గుతుంది.

మంట

ప్లగ్గు గ్యాప్ 0.6 నుంచి 0.7 మి.మీ. మధ్య ఉంచండి. మంట, అంటే స్పార్క్, నీడలో నీలంగా, చిటపటమని దూకాలి. పసుపుగా, సన్నగా ఉంటే చాలదు, బయట వచ్చిన మంట లోపలి ఒత్తిడికి ఆరిపోతుంది. ముందు కొత్త ప్లగ్గు వేయండి. ఇసుక కాగితంతో రుద్దిన పాత ప్లగ్గు మీద నమ్మకం పెట్టుకోవద్దు. ఎన్‌జీకే ప్లగ్గుల్లో అంకె పెరిగేకొద్దీ ప్లగ్గు చల్లనిది. రేసు కోసం పెద్ద అంకె వేసి బజారులో తిప్పితే కార్బన్ పట్టి తీరుతుంది.

ఆ తర్వాత ప్లగ్గు క్యాప్ విప్పి, వైరు చివర అర సెంటీమీటరు కోసి, కొత్త రాగి మీద మళ్లీ తిప్పి బిగించండి. చాలా బండ్లు ఇక్కడే బాగవుతాయి, ఖర్చు సున్నా. అప్పటికీ మంట లేకపోతే సీడీఐ నుంచి కీ స్విచ్‌కు వెళ్లే వైరును వేరు చేసి కిక్కు కొట్టండి. ఇప్పుడు మంట వస్తే స్విచ్‌లోనో దాని వైరింగ్‌లోనో షార్ట్ ఉంది, సీడీఐ బాగానే ఉంది. ఆ వైరు లేనప్పుడు కీతో ఇంజన్ ఆగదు. బ్రేకు పట్టి, గేరు వేసి, క్లచ్ వదిలి ఆపాలి. చల్లగా లేచి, కొంత దూరం వెళ్లి ఆగిపోయి, చల్లారాక గానీ మంట రాకపోతే మాగ్నెట్ లోపలి కాయిల్‌ను చెక్ చేయించండి. కిక్కు వెనక్కి తన్నుతుంటే మాగ్నెట్‌ను కదలకుండా పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క (మాగ్నెట్ కీ) తెగి టైమింగ్ జరిగి ఉండొచ్చు.

మంటా పెట్రోలూ రెండూ ఉండి లేవకపోతే

గాలి ఎక్కడో లీకవుతోంది, లేదా కంప్రెషన్ పోయింది. కార్బ్ రబ్బరును వంచి చూస్తే పగుళ్లు కనిపిస్తాయి. ఐడిల్ దానంతటదే పెరిగి, యాక్సిలరేటర్ వదిలినా వెంటనే దిగకపోతే మాగ్నెట్ వైపు క్రాంక్ సీల్ చూడాలి. దాన్ని అలాగే నడిపితే పెట్రోలు పాలు తగ్గి పిస్టన్ పట్టేస్తుంది. కాబట్టి ఇది వాయిదా వేసే పని కాదు. కార్బ్యురేటర్ నోట్లోంచి పెట్రోలు తుంపర వెనక్కి చిమ్ముతుంటే, మిశ్రమం వెనక్కి పోకుండా ఆపే పల్చటి రేకుల రీడ్ వాల్వు విప్పండి. రేకుల అంచులు విరిగాయా, కూర్చునే చోట వెలుతురు కనిపిస్తోందా చూడండి.

కంప్రెషన్ గేజ్ పెట్టినప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి, ముల్లు పెరగడం ఆగే దాకా తొక్కాలి. 100 పీఎస్ఐ కన్నా తక్కువ చూపిస్తే రింగులు, బోరు పని ఉందనే అర్థం. అయితే హెడ్ విప్పేముందు సైలెన్సర్ లోపలి గొట్టం లాగి చూడండి. కార్బన్‌తో మూసుకుపోయిన సైలెన్సర్‌తో కూడా బండి కష్టంగా లేస్తుంది, లేచినా పైకి గుంజదు. బోరు బాగున్నా చేయించుకునేవాళ్లు ఈ ఒక్కటీ చూడకే మోసపోతారు.

వారం దాటి నిలపాల్సి వస్తే ట్యాప్ మూసి, ఇంజన్ దానంతటది ఆగేదాకా నడిపి బౌల్ ఖాళీ చేయండి. ఆఖర్లో గాలి పాలు పెరుగుతుంది కాబట్టి అప్పుడు యాక్సిలరేటర్ ఇవ్వకండి, ఐడిల్‌లోనే ఆగనివ్వండి.