ఎడారి కాలనీకి ముందు కోటు, తర్వాతే కూలర్: రిమ్‌వరల్డ్‌లో ఎండ బట్టలు

రిమ్‌వరల్డ్ అనే కాలనీ కట్టే కంప్యూటర్ ఆటలో ఎడారిలో దిగగానే చాలామంది కూలర్ కోసం పరుగెడతారు. నేనైతే ముందు కోట్లకని పత్తి వేయిస్తాను. కూలర్ ఒక్క గదినే చల్లబరుస్తుంది. కోటు మాత్రం మనిషితో పాటే పొలానికి వెళ్తుంది, గనికి వెళ్తుంది, దాడి వచ్చినప్పుడు గోడ దగ్గరికీ వెళ్తుంది.

నాది విశాఖలో కంచరపాలెం. పగలంతా ఇంట్లో కుట్టుమిషన్ మీద పని, రాత్రి అందరూ పడుకున్నాక కాసేపు ఆట. అందుకే ఈ ఆటలో నాకు తుపాకుల కంటే టైలర్ బెంచ్ మీదే ధ్యాస ఎక్కువ. మా పిన్ని కొడుకు ఈమధ్య ఎక్స్‌ట్రీమ్ డెజర్ట్‌లో, అంటే ఎండ మరీ ఎక్కువుండే ఎడారిలో, కాలనీ మొదలుపెట్టి, "అక్కా, అంత ఎండలో వీళ్ళకి బట్టలెందుకు, తీసేయమంటే పోలా?" అని ఫోన్ చేశాడు. వాడికి చెప్పినవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

తీసేయకూడదు. ఒంటి మీద ఏమీ లేని మామూలు మనిషికి ఈ ఆటలో 16 నుంచి 26 డిగ్రీల దాకా హాయిగా ఉంటుంది. 26 దాటితే వేడికి చిరాకుపడి మూడ్ తగ్గుతుంది. ఇంకో 10 డిగ్రీలు పెరిగితే, అంటే 36 దాటాక, హీట్‌స్ట్రోక్, అంటే వడదెబ్బ, ఎక్కడం మొదలవుతుంది. 36 అంటే మనకి మే నెలలో మధ్యాహ్నం మామూలే. అయితే విశాఖలో మనల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఉక్కపోత. ఆటలో ఉక్కపోత లెక్కలోనే లేదు, చూసేది ఉష్ణోగ్రత ఒక్కటే. కాబట్టి వేసవికి పల్చటి బట్ట, గాలి ఆడే బట్ట అని మనం వెతుక్కునే పద్ధతి అక్కడ పనికిరాదు. బీచ్ రోడ్డులో మిట్టమధ్యాహ్నం స్కూటీ మీద వెళ్ళే ఆడపిల్లలు మొహానికి చున్నీ చుట్టి, చేతులకి తొడుగులు వేసుకుంటారు చూడండి, ఆ పద్ధతి పనికొస్తుంది. నిండుగా కప్పుకున్నవాళ్ళే ఎండకి తట్టుకుంటారు.

ఎంత కప్పాలో తెలియాలంటే చిన్న లెక్క ఉంది. ప్రతి సరుకుకీ చలికి ఒక అంకె, వేడికి ఒక అంకె ఉంటాయి. పత్తి గుడ్డకి రెండూ 18. కుట్టే బట్టని బట్టి అందులో కొంత వంతు మనిషికి అందుతుంది. డస్టర్, అంటే పొడుగు కోటు, వేడి విషయంలో 85 శాతం ఇస్తుంది. అంటే మామూలు నాణ్యత గుడ్డ కోటుతో 15.3 డిగ్రీలు. కౌబాయ్ హ్యాట్ సగం ఇస్తుంది, 9 డిగ్రీలు. బటన్ షర్టు పదో వంతే, 1.8. ప్యాంటు అంతకన్నా తక్కువ, 1.4 దాకా. అన్నీ కలిపితే 27.5. దాన్ని 26కి కలిపితే ఆ మనిషికి 53.5 దాకా హాయి, 63.5 దాటితే తప్ప హీట్‌స్ట్రోక్ రాదు. అంత వేడి ఎడారిలో కూడా అరుదు.

ఈ లెక్కలో గమనించాల్సింది, మోసే భారమంతా కోటుదీ టోపీదీ. షర్టు, ప్యాంటు వేడికి చేసేది దాదాపు సున్నా. కోటు లేనివాళ్ళకి ఒంటి మీద బట్ట లేదన్న సిగ్గుతో మూడ్ పడిపోకుండా చూడటానికే అవి కావాలి. గుడ్డ తక్కువగా ఉన్నప్పుడు మనిషికో షర్టు చొప్పున కుట్టించి గుడ్డంతా అయిపోగొట్టకండి. పొలంలో, గనిలో తిరిగేవాళ్ళకి ముందు కోటు, టోపీ. వంటమనిషి, పరిశోధన చేసేవాళ్ళు చల్లటి గదిలోనే ఉంటారు కాబట్టి వాళ్ళ వంతు తర్వాత వచ్చినా ఫర్వాలేదు.

డస్టర్ కుట్టాలంటే కాంప్లెక్స్ క్లోతింగ్ పరిశోధన పూర్తి కావాలి. అది అయ్యేలోపు ట్రైబల్‌వేర్‌తో, అంటే ఆటలోని గిరిజనుల తరహా బట్టలతో, నెట్టుకురావచ్చు, దానికి ఏ పరిశోధనా అక్కర్లేదు. గుడ్డతో కుడితే దాదాపు 10 డిగ్రీలు కలుస్తాయి.

ఒక డస్టర్‌కి 80 గుడ్డ పడుతుంది. బాగా పెరిగిన పత్తి మొక్క మామూలు స్థాయిలో 10 ఇస్తుంది. అంటే కోటుకి ఎనిమిది మొక్కలు. ఇసుకలో పత్తి వేయలేం, మ్యాప్‌లో మట్టి ఉన్న చోటు వెతుక్కోండి. 42 డిగ్రీలు దాటితే మొక్కల ఎదుగుదల కూడా మందగిస్తుంది. ఇది చాలామంది చూసుకోరు. హీట్ వేవ్ వచ్చాక పత్తి వేస్తే అది సరిగ్గా అక్కర ఉన్నప్పుడే ఎదగకుండా కూర్చుంటుంది. చల్లటి కాలంలోనే వేసి, కోసి, గుడ్డ నిల్వ పెట్టుకోవాలి. దారిన పోయే వ్యాపారి దగ్గర గుడ్డ కనిపిస్తే బేరమాడకుండా కొనేయండి.

డెవిల్‌స్ట్రాండ్ గురించి అందరూ అడుగుతారు, అది గట్టి గుడ్డనిచ్చే పుట్టగొడుగు పంట. దాని వేడి అంకె 24, కోటుకి 20.4 డిగ్రీలు వస్తాయి. గుడ్డ కోటు కంటే 5 డిగ్రీలే ఎక్కువ. దాన్ని వేయాలంటే సాగులో 10 నైపుణ్యం ఉన్న మనిషి కావాలి, పంటకి 22.5 రోజుల ఎదుగుదల కావాలి. తూటాల నుంచి కాపాడుకోవడానికైతే ఆగండి, ఎండ కోసమైతే ఆగొద్దు. ఉన్ని బట్టలు చలికి గొప్పవి. వేడి అంకెలో మాత్రం గుడ్డకన్నా తక్కువ. ఒంటె తోలు దొరికితే మాత్రం కోటుకే వాడండి, వేడికి అది చాలా మంచిది.

నాణ్యత మీద మాత్రం నేను రాజీపడను. పూర్ అని వస్తే 10 శాతం పోతుంది, ఎక్సలెంట్ అయితే 20 శాతం పెరుగుతుంది, మాస్టర్‌వర్క్ అయితే ఒకటిన్నర రెట్లు. అదే 80 గుడ్డ, అదే బెంచ్, చెయ్యి మారితే కోటే మారిపోతుంది. ఇది నాకు ఆటకి ముందు నుంచీ తెలిసిన సంగతే. పూర్ణా మార్కెట్‌లో ఒకే తానులోంచి రెండు ముక్కలు కోయించి ఇద్దరి చేత కుట్టించి చూడండి. కాబట్టి బిల్, అంటే బెంచ్ మీద చేయాల్సిన పనికి ఆర్డరు, పెట్టేటప్పుడు వివరాల్లోకి వెళ్ళి, కుట్టేవాళ్ళకి కనీస నైపుణ్యం ఎంత ఉండాలో గీత జరిపి పెట్టండి. మీ దగ్గరున్న మంచి టైలర్ ఒక్కరే ఆ బిల్ ముట్టుకునేలా ఉండాలి. సరుకుల జాబితాలో గుడ్డ ఒక్కటి ఉంచి మిగతావన్నీ తీసేయండి, లేకపోతే ఎప్పుడో దాచుకున్న మంచి తోలుతో కుట్టేస్తారు. "ఇన్ని అయ్యేదాకా చెయ్యి" అన్న పద్ధతి ఎంచుకుని, అంకె రెండు పెట్టండి. ఒంటి మీద ఉన్నవాటిని ఆ లెక్కలో కలపకండి. అప్పుడు ఎవరు వేసుకెళ్ళినా అరలో రెండు కోట్లు ఎప్పుడూ మిగులుతాయి.

కుట్టించడంతో పని అయిపోదు, వేసుకునేలా చూడాలి. అసైన్ ట్యాబ్‌లో బట్టల పాలసీ ఒకటి కొత్తగా చేసి, అందులో డస్టర్, కౌబాయ్ హ్యాట్, షర్టు, ప్యాంటు మాత్రమే ఉంచండి. పార్కా అనే చలికోటు, ఉన్ని టోపీ తీసేయాలి. శవాల మీంచి తీసినవి వద్దని గుర్తు పెట్టండి, అవి వేసుకుంటే మనసు పాడవుతుంది. మన్నిక గీత 51 శాతం దగ్గర పెడితే చిరిగేలోపే కొత్తవి మార్చుకుంటారు.

దాడుల సంగతి కొంచెం చిక్కు. తూటాల నుంచి కాపాడే ఫ్లాక్ వెస్ట్ మధ్య పొర కాబట్టి డస్టర్ కింద హాయిగా పడుతుంది. ఫ్లాక్ జాకెట్ పై పొర, డస్టర్‌తో కలవదు. హెల్మెట్ పెడితే టోపీ తీయాలి, అంటే 9 డిగ్రీలు పోతాయి. పోరాటం కొద్దిసేపే కాబట్టి నేను హెల్మెట్టే పెట్టిస్తాను. ముట్టడి పెట్టి బయట కూర్చున్న శత్రువుల కోసం రోజంతా కాపలా కాయాలంటే మాత్రం టోపీ మళ్ళీ పెట్టించండి.

హీట్‌స్ట్రోక్‌కి మందు లేదు, డాక్టర్ చేసేది ఏమీ లేదు. చల్లటి చోటికి చేర్చితే దానంతటదే తగ్గుతుంది. అందుకని ఒక గదిలో ప్యాసివ్ కూలర్ పెట్టి ఉంచండి, కట్టడానికి 50 కలప చాలు, కరెంటు అక్కర్లేదు. సోలార్ ఫ్లేర్, అంటే సౌర జ్వాల, వస్తే కాలనీ మొత్తంలో కరెంటుతో నడిచేవన్నీ ఆగిపోతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మన ఊళ్ళో ఉన్నవాళ్ళకి, కరెంటు రోజుల తరబడి లేకపోతే ఇల్లు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఒంటి మీద కోటు ఉన్న కాలనీకి ఫ్లేర్ వచ్చినా పొలం పని ఆగదు.

క్యారవాన్, అంటే మ్యాప్ దాటి దూరం వెళ్ళే గుంపు, పంపేటప్పుడు ఇంకా జాగ్రత్త. దారిలో గది ఉండదు, కూలర్ ఉండదు, ఒంటి మీద ఉన్నదే దిక్కు. బయల్దేరే ముందు ఒక్కొక్కరి గేర్ తెరిచి, తట్టుకోగల గరిష్ఠ ఉష్ణోగ్రత చూడండి. వెళ్ళే చోట ఎండ అంతకన్నా ఎక్కువుంటే వాళ్ళని ఆపి కోటు వేయించాకే పంపండి. ఖైదీని పట్టి తెస్తుంటే అతని కోసం అదనంగా ఒక కోటు, ఒక టోపీ మూటలో పెట్టడం మర్చిపోకండి.