బాణాలు చెదురుతుంటే సైట్ జోలికి పోకండి

కాంపౌండ్ విల్లు (కొసల్లో చక్రాలుండే విల్లు) కొత్తగా పట్టినవాళ్లు, బాణాలు ఓసారి కుడికి, ఓసారి ఎడమకు పోగానే అలెన్ కీ తీసి సైట్, అంటే విల్లుకు బిగించిన గురి చూసే పరికరాన్ని, తిప్పేస్తుంటారు. దయచేసి ఆగండి. బాణాలన్నీ గుంపుగా ఒకేచోట పడి, ఆ గుంపు పక్కకు జరిగితేనే సైట్ సంగతి. చెల్లాచెదురుగా పడుతున్నాయంటే ముందు విల్లు పట్టిన చేతిని చూసుకోవాలి.

పిడికిలి బిగిస్తే బాణం వదిలే క్షణంలో విల్లు మెలిపడుతుంది. గ్రిప్ భారమంతా బొటనవేలి కింది కండ మీదే ఉండాలి, చిటికెన వేలి వైపు పోకూడదు. వేళ్ల కణుపులు సుమారు 45 డిగ్రీల వాలులో ఉంటే చెయ్యి సరిగ్గా కూర్చున్నట్టే. విల్లు జారిపోతుందన్న టెన్షన్ వల్లే చాలామంది బిగిస్తారు, విల్లును చేతికి పట్టి ఉంచే స్లింగ్ పట్టీ తగిలించుకుంటే ఆ భయం పోతుంది.

తర్వాత టార్గెట్ పేపర్ తీసేసి, మూడు నాలుగు మీటర్ల నుంచి ఖాళీ బట్ (బాణాలు గుచ్చుకునే దిమ్మ) మీదికి వేయండి. గురి చూసే పని ఉండదు కాబట్టి ధ్యాసంతా చేతుల మీదే. తీగ పూర్తిగా లాగాక, దాన్ని పట్టుకుని వదిలే రిలీజ్ పరికరం ట్రిగ్గర్‌ను టక్కున నొక్కకండి. వేలు ట్రిగ్గర్ మీద వంచి ఉంచి, భుజం రెక్కను వెన్నెముక వైపు లాగుతూ పోతే తీగ దానంతటదే వదులవుతుంది. బాణం దిగేదాకా విల్లు చెయ్యి దించొద్దు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన మన విజయవాడ జ్యోతి సురేఖ వీడియోలు చూసేటప్పుడు, స్కోరు కన్నా ఆ చేతినే గమనించండి.

ఎంత సాధన చేసినా, బాణం లేకుండా ఉత్త తీగ మాత్రం లాగి వదలకండి. లింబులు (వంగే విల్లు కొమ్మలు), కామ్‌లు (కొసల్లోని చక్రాలు) దెబ్బతినొచ్చు, మీకూ గాయం కావచ్చు.