తక్కువ ఖర్చుతో ఇంటి దగ్గరే పుట్టి కట్టుకోవడం ఎలా?

పడవ అనగానే మొన తేలిన పొడవాటి నావే గుర్తొస్తుంది. అది కట్టాలంటే పలకలు కావాలి. పలకలంటే అతుకులు, అతుకులంటే కారడం. ఆ కారడం ఆపడానికే సగం డబ్బు పోతుంది. కృష్ణ, తుంగభద్రల మీద చేపలు పట్టేవాళ్ళకు ఈ బాధ లేదు. గంప అల్లి, దానికి నీరు దిగని తొడుగు వేస్తారు. అదే పుట్టి. కొన్నిచోట్ల అరిగోలు అంటారు.

ఇద్దరికి పైఅంచు దగ్గర ఆరడుగుల వెడల్పున్న పుట్టి చాలు. అడుగు భాగం అయిదడుగుల గుండ్రంగా, చదునుగా వస్తే పది సెంటీమీటర్లు మునిగేసరికి దాదాపు 180 కిలోలు మోస్తుంది. పుట్టి బరువు కూడా అందులోదే.

ముదురు వెదురు బొంగులు తెచ్చి పచ్చిగా ఉండగానే చీల్చండి, ఎండితే వంచేటప్పుడు విరుగుతాయి. బద్ద అంగుళంన్నర వెడల్పు, పదడుగుల పొడవు. లోపలి మెత్తటి భాగం గీకేసి పైతొక్క ఉంచండి, బలమంతా దాంట్లోనే. తీరిక ఉంటే బొంగులను ముందే కొన్ని వారాలు చెరువులో నానేయండి, పుచ్చు తగ్గుతుంది.

నేల మీద మేకు కొట్టి, తాడుతో అయిదడుగుల వెడల్పున్న గుండ్రం గీయండి. బద్దలను బెత్తెడు ఎడంతో అడ్డం, నిలువు అల్లి, మూడో వరస ఏటవాలుగా దూర్చండి. మధ్యలో బరువైన రాళ్ళు పెట్టి, గీత దాటిన కొసలను మెల్లగా పైకి లేపుతూ చుట్టూ బద్దలు అల్లుకుంటూ రావాలి. గోడ అడుగున్నర ఎత్తు వచ్చాక, ఏడెనిమిది బద్దల కట్టను అంచుకు చుట్టి, మిగిలిన కొసలు దాని మీదికి మడిచి నైలాన్ తాడుతో బిగించండి. అంచు వదులైతే పుట్టి మొత్తం వదులే.

నిజం చెప్పాలంటే మొదటిసారి అల్లిక వంకర పోతుంది. దగ్గర్లో మేదరి వాళ్ళుంటే ఇక్కడి వరకు కూలిచ్చి చేయించుకోవడమే చవక, పాడయ్యే వెదురైనా మిగులుతుంది.

తొడుగుకు ఖాళీ ఎరువుల గోతాలు విప్పి, కడిగి, దబ్బనంతో ఒకే దుప్పటిలా కుట్టండి. గంపను బోర్లించి, దుప్పటిని బిగుతుగా లాగి అంచుకు కట్టి, కాచిన తారు పూయండి. ఆరాక ఇంకో పూత, కుట్ల మీద మూడోది. తారు ఆరుబయటే కాచాలి. అంటుకుంటే నీళ్ళు పోయకండి, ఇసుక చల్లండి. తారు దగ్గర పిసినారితనం పనికిరాదు. తెడ్డు మాత్రం పాత చెక్కతో చేసుకున్నా నడుస్తుంది.

ముందు మోకాలి లోతు నీళ్ళలో ఖాళీగా గంటసేపు వదలండి. తడి కనిపించిన చోట సున్నంతో గుర్తు పెట్టి, తీసి ఆరబెట్టి మళ్ళీ తారు పూయండి. తర్వాత ఇసుక బస్తాలు వేసి చూడండి. ఆ తర్వాతే మనిషి, అదీ లైఫ్‌జాకెట్‌తో. వరద నీటిలోకి, ఆనకట్ట గేట్ల దిగువకు అసలు దించవద్దు.

పక్కన తెడ్డు వేస్తే పుట్టి గిర్రున తిరుగుతుంది. 1520 ప్రాంతంలో విజయనగరం (ఇప్పటి హంపి) చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ కూడా ఈ గుండ్రటి పడవలు తిన్నగా పోలేవనీ, తిరుగుతూనే ఉంటాయనీ రాశాడు. (అప్పట్లో తొడుగు తోలుది.) ముందు వైపు మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళలో 8 అంకె గీస్తున్నట్టు తెడ్డును మీవైపు లాక్కోండి. మొదటి రోజు ఎలాగూ నాలుగు చుట్లు తిరుగుతారు. ఒడ్డుకొచ్చాక బోర్లించి నీడలో పెట్టండి, ఎండకు తారు కరిగి కుట్లు బయటపడతాయి.